పంతొమ్మిది ప్రశ్నలకి ఇరవై జవాబులు

మధ్యలో నవ్వకుండా వింటామంటేనే చెప్తాను. నవ్వారంటే ఈ స్టాఫ్‌రూములోంచి లేచి, గంట కొట్టకముందే క్లాసుకి పోతాను. నేను గంటకి ముందు క్లాసుకి వెళ్ళడం మీరెవరూ ఇంతవరకు చూసి ఉండరు.

మా ఆవిడకి సొంతిల్లు కావాలి. పదకొండేళ్ళలో ఆరు అద్దిళ్ళు మారాం. గోడకి మేకు కొట్టాలంటే ఓనరుని అడగాలి. ఆయన వారం ఆలోచించి వద్దంటాడు. ఇప్పుడున్న ఓనరు ఏకంగా నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు.

"ఇంకో అద్దింట్లో అడుగు పెట్టను. పెడితే మీరొక్కరే పెట్టుకోండి," అంది మా ఆవిడ. అన్నంత పనీ చేసే మనిషి.

నాకేమో ఇల్లు కొనడమంటే భయం. ఈ మాట అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అందుకే ఒక ఎత్తు వేశాను.

"ఏజెంటు మంచివాడైతే ఇల్లూ మంచిదే అవుతుంది. కాబట్టి ఏజెంట్లకి పరీక్ష పెడతాను. పాసైనవాడు చూపించిన ఇల్లు కళ్ళు మూసుకుని కొంటాను," అన్నాను. లెక్కల మాస్టారుని. ఎవడూ పాసవ్వని పేపరు తయారు చేయడం నాకేం కొత్త?

"మాట మీదుంటారా?"

"ఉంటాను."

"తరవాత నీళ్ళు నమిలితే ఊరుకోను."

పంతొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు మార్కులు, దస్తూరికి ఐదు. పాసు మార్కు తొంభై. ప్రతివాడూ తాను అమ్మించబోయే ఇంటి గురించి రాయాలి. నాలుగో ప్రశ్న: పక్కింటివారి గురక ఏ గదిలోకి వినిపించును? తొమ్మిది: కుళాయి చుక్కకీ చుక్కకీ మధ్య ఎన్ని సెకన్లు? పద్నాలుగు: మధ్యాహ్నం మూడింటికి వంటింటి గోడపై పడు ఎండను పటము గీసి వివరింపుము. పేపరు పరుపు కింద దాచి, హాయిగా నిద్రపోయాను.

ఆదివారం ముగ్గుర్ని భోజనాల బల్ల దగ్గర దూరదూరంగా కూర్చోబెట్టాను.

మొదటాయన పేరు నా లెక్కలో నో ప్రాబ్లమ్. పంతొమ్మిదింటికీ ఆ రెండు మాటలే రాశాడు, గురక ప్రశ్నతో సహా. రెండో ఆయన ఆఖరిఫ్లాటు. "ఇదొక్కటే మిగిలింది, సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది," అని రాసి, కింద ఫోన్ నంబరు వేసి, నా పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మూడో ఆయన ఎప్పుడొచ్చాడో నాకు తెలీదు. పెన్ను మూత కింద పడితే వంగాను, లేచేసరికి కుర్చీలో ఉన్నాడు. పిల్లిపాదం అని అప్పుడే పేరు పెట్టాను. రాస్తున్నంతసేపూ కాగితం వైపు చూడలేదు. మర్యాదగా, రెప్ప వేయకుండా నన్నే చూశాడు.

దిద్దడం మొదలుపెట్టాను. గురక: తూర్పు గదిలోకి, మధ్యాహ్నం పూట. కుళాయి: పదకొండు సెకన్లు. ఎండ పటం స్కేలుతో గీశాడు, కిటికీ ఊచల నీడలు కూడా లెక్కపెట్టి. ఒక్క మార్కు కొయ్యడానికి సందు దొరకలేదు. చివర, నేను అడగని ప్రశ్న ఒకటి కనపడింది.

"20. మాస్టారికి ఇల్లు కొనడం ఇష్టమేనా? జ. ఇష్టమే. కానీ భయం."

ఎర్ర పెన్ను నా చేతిలో ఆగిపోయింది. తలెత్తితే పిల్లిపాదం లేడు. తలుపు గడియ వేసే ఉంది.

"ఎన్నొచ్చాయండీ?" వంటింట్లోంచి మా ఆవిడ.

"నూటికి నూరు."

"అయితే రేపు వెళ్దాం."

మర్నాడు సెలవు పెట్టి వెళ్ళాం. రెండంతస్తుల ఇల్లు, రెండేళ్ళుగా తాళం వేసి ఉందట. గేటు తియ్యగానే పక్కింటి మామ్మగారు గోడ మీంచి పలకరించింది.

"వచ్చారా మాస్టారూ! మోకాలి నొప్పి తగ్గిందా?"

నేనావిడని చూడడం అదే మొదటిసారి. నా మోకాలి నొప్పి సంగతి నా కుడి కాలికే తెలుసు. లోపలికి నడిచాను.

వంటింట్లో గోడకి కొక్కేలున్నాయి. ఏ ఇంట్లోనైనా మా ఆవిడ స్టూలెక్కి తీసుకోవాల్సిందే. ఇక్కడ చెయ్యి చాపింది, అందింది. పడకగది గుమ్మం దగ్గర నేను అలవాటుగా తల కొట్టుకున్నాను. నొప్పి పుట్టలేదు. సరిగ్గా నా నుదురు తగిలే చోట ఎవరో స్పాంజి ముక్క అంటించారు.

"ఏమోయ్, పోదాం పద. ఇది మనకోసం కాచుక్కూర్చుంది," అన్నాను మెల్లిగా.

"కాచుక్కూర్చునే ఇల్లే నాకు కావాలి."

"ఆ ఏజెంటు మనిషి కాదు!"

"మీ పరీక్షలో ఆ ప్రశ్న లేదుగా."

జేబులోంచి పేపరు తీసి, మార్కులు మళ్ళీ కూడాను. దస్తూరి బాగాలేదని ఐదు కొట్టేశాను. తొంభై ఐదు. కుళాయి జవాబు తప్పని తేలుద్దామని వాచీ పెట్టి చూశాను. పదకొండు సెకన్లు. ఏ మూలనుంచో పిల్లిపాదం దగ్గాడు. ఇక లాభం లేదని అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

"నిజం చెప్పేస్తున్నానోయ్. పరీక్షా లేదు, పాడూ లేదు. నాకు భయం. ఇల్లు కొన్నాక అది నచ్చకపోతే ఎవరిని తిట్టుకోను? ఇన్నాళ్ళూ ఓనర్లన్నా ఉండేవారు."

మా ఆవిడ పక్కన కూర్చుని, కొంగుతో నా నుదురు తుడిచింది.

"ఆ సంగతి పదకొండేళ్ళుగా నాకు తెలుసు. ఇరవయ్యో జవాబు నేనే చెప్పాను."

"నా పేపరు నీకెలా దొరికింది?" అన్నాను.

"పేపరు పరుపు కింద పెడితే, పరుపు దులిపేది ఎవరండీ? నెల్లాళ్ళ కిందటే ఈయన్ని కుదుర్చుకున్నాను. మీరు స్కూలుకెళ్ళగానే ఇక్కడికొచ్చేదాన్ని. కొక్కేలు నేనే కొట్టాను, స్పాంజి నేనే అంటించాను. మామ్మగారికి మీ మోకాలి సంగతి చెప్పిందీ నేనే. నిన్న ఈయన వెళ్ళింది వంటింటి గుమ్మంలోంచి."

ఇరవై ఏళ్ళ సర్వీసులో నా పేపరు ఒక్కటి లీకవలేదు. లీకైంది సొంత ఇంట్లో. సిగ్గుపడాల్సిందే గానీ, దెయ్యం కాదు పెళ్ళామే అని తెలిసి ప్రాణం లేచొచ్చింది. పడీపడీ నవ్వాను. పిల్లిపాదం కూడా మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వాడు. మామూలు పళ్ళే.

అప్పుడే మామ్మగారు మంచినీళ్ళ చెంబుతో లోపలికొచ్చింది.

"మాస్టారూ, మీకు పొగరనుకున్నాను సుమా. వారం రోజులుగా మూడింటికల్లా పై కిటికీ దగ్గర కూర్చుని పేపర్లు దిద్దుతారు. ఎన్నిసార్లు పిలిచినా తలెత్తరు."

మూడింటికి నేను ఎనిమిదో తరగతిలో ఉంటాను. అందుకు మీరందరూ సాక్షులు.

మా ఆవిడ వైపు చూశాను. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది నేను చెప్పలేదండీ," అంది.

"పై గది తాళంచెవి నా దగ్గర లేదు మాస్టారూ. నేనింకా తియ్యనేలేదు," అన్నాడు పిల్లిపాదం.

పైనుంచి కాగితం తిప్పిన చప్పుడు వచ్చింది. తరవాత పెన్నుతో టిక్కు కొట్టిన చప్పుడు. ఆ టిక్కు నాదే. చివర్లో కాస్త పైకి విసురుతాను. ఎక్కడ విన్నా పోల్చుకోగలను.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. "మీ ఇష్టం. వద్దంటే వెళ్ళిపోదాం," అంది. ఈ మాట కోసమే గదా నేను పదకొండేళ్ళుగా ఎదురుచూసింది. తీరా అనేసరికి నాకు ఒళ్ళు మండింది. నాకంటే ముందు నా ఇంట్లో నేనే దిగడమేమిటి? ఆ కోపంలో పిల్లిపాదం ఇచ్చిన ఒప్పందం కాగితం వంటింటి గట్టు మీద పెట్టి సంతకం చేసేశాను.

దిగి నాలుగు వారాలైంది. పేపర్లు కిందే దిద్దుకుంటున్నాను. ఇల్లు బాగుంది, తిట్టడానికి ఏమీ దొరకడం లేదు. మా ఆవిడకి బెదురు రెండు రోజుల్లోనే పోయింది. మూడో రోజునుంచి రెండు కప్పులు టీ పెట్టి, ఒకటి పై గుమ్మం దగ్గర పెట్టి వస్తోంది. మొదట నాకా, ఆయనకా అంటే ఆయనకే.

"ఎందుకోయ్ ఆయనకంత మర్యాద?" అని నిన్న ఉండబట్టలేక అడిగేశాను.

"ఆయనైతే ఇల్లు చూసిన రోజే సరేనన్నారండీ," అంది.

రెండు కప్పులూ నేనే కడుగుతున్నాను.