రెండున్నర అంగుళాల హుందాతనం

ఒక సంస్థ పరువు దాని రిసెప్షన్‌లో నిలబడ్డ ఆడమనిషి మడమల ఎత్తులో ఉంటుందని నోయిడాలోని మా కంపెనీ ఏనాడో తేల్చింది. ఆ ఎత్తు రెండున్నర అంగుళాలు. (రెండయితే కస్టమరుకు నమ్మకం కుదరదు. మూడయితే ఆయన తలెత్తి మాట్లాడాల్సి వస్తుంది.) దీని అమలుకు మాకు హుందాతనం విభాగం ఉంది. దాని అధిపతి రాధాకృష్ణమూర్తిగారు, తెనాలి మనిషి. కారిడార్లో టకటక చప్పుడు విని హీల్ ఎత్తు చెప్పగలనని ఆయన నమ్మకం.

రిసెప్షనిస్టు ఇంద్రాణి ఘాజియాబాద్ నుంచి వస్తుంది. చలికాలం మొదట్లో, పొద్దున మంచం దిగి కాలు మోపగానే ఆమె మడమలో మేకు దిగినట్టు ఉండసాగింది. గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచేది. కూతురు అక్షర "క్యా హువా అమ్మా?" అంటే ఏం లేదనేది. కొన్నాళ్లకు ఆ పిల్ల పార్కుకు తీసుకెళ్లమని అడగడం మానేసింది. అది గమనించిన రోజే ఇంద్రాణి డాక్టర్ హైమవతి దగ్గరికి వెళ్లింది.

"రోజంతా మడమలు ఎత్తిపెట్టి నిలబడితే పిక్కలు బిగుసుకుపోతాయమ్మా. అవి మడమను లాగుతాయి. ముందా హీల్స్ మానెయ్. మెత్తటి షూ వేసుకో" అంది డాక్టరు.

ఇంద్రాణి మూర్తిగారికి విన్నవించుకుంది.

"నొప్పి ఎక్కడమ్మా?"

"మడమలో సార్."

"మరి హీల్స్ మడమను నేలకు దూరంగానే ఉంచుతున్నాయిగా?"

ఇంద్రాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. మూర్తిగారు చెడ్డవారు కారు. (విభాగం పనిలో లేని సమయాల్లో చాలా మంచివారు.) ప్రయోగాత్మకంగా మెత్తటి షూకి అనుమతిచ్చారు.

సంగతి తెలిసి సేల్స్‌లోని వైశాలి పరుగున వచ్చింది. పరుగంటే కుంటుతూ.

"దీదీ, మీకూనా? నాకొక్కదానికే అనుకున్నా!"

ఆ వారంలోనే పదకొండు మంది ఆడవాళ్లు మడమ నొప్పి ఉందని చెప్పి మెత్తటి షూలకు మారారు. కారిడార్ మూగబోయింది. మూర్తిగారు కంగారుపడి గ్రాఫు గీశారు. అనుమతికి ముందు నమోదైన మడమ నొప్పులు సున్నా, అనుమతి తర్వాత పదకొండు. నొప్పికి కారణం అనుమతేనని ఆయన యాజమాన్యానికి నివేదించారు. సిబ్బంది ఆరోగ్యం దృష్ట్యా అనుమతి రద్దయింది. కొత్త ఉత్తర్వు వచ్చింది: "మహిళా సిబ్బంది రెండున్నర అంగుళాల హీల్స్‌తో తమ స్థానంలో ఉండవలెను."

ఇంద్రాణి దాన్ని మళ్లీ మళ్లీ చదివింది.

మర్నాడు తనిఖీకి వచ్చిన మూర్తిగారు డెస్కు వెనక్కి తొంగిచూశారు. ఆమె కాళ్లకు మెత్తటి షూ ఉన్నాయి. పక్కన నల్లటి హీల్స్ జత బుద్ధిగా నిలబడి ఉంది.

"ఏమిటమ్మా ఇది?"

"హీల్స్‌తోనే ఉన్నాను సార్. ఇవిగో."

అనేసింది గానీ, ఉద్యోగం పోతుందేమోనని డెస్కు అంచు గట్టిగా పట్టుకుంది. మూర్తిగారు ఫోన్‌లో ఉత్తర్వు తెరిచి, పెదవులు కదుపుతూ చదివారు. తర్వాత మోకాలు పట్టుకుని కష్టపడి కూర్చుని, టేపు తీసి, ఆ ఖాళీ హీల్స్ కొలిచారు.

"ఠీక్ హై. రెండున్నరే" అంటూ లేచారు.

ఇప్పుడు మా ఆఫీసులో ప్రతి బల్ల కిందా ఒక జత హీల్స్ క్రమశిక్షణతో డ్యూటీ చేస్తోంది. పాదాల ప్రస్తావన మా నిబంధనల్లో ఎక్కడా లేదు.