తనిఖీ బృందానికి వంకాయ పులుసు

ఆ రోజు పొద్దున ఓబుళేసు వేసుకున్న పథకం చాలా చిన్నది. కరువు తనిఖీకి వచ్చే ఆఫీసర్లను జీపు దించి, తన ఆరెకరాల వేరుశనగ చేలో నాలుగడుగులు నడిపించాలి. అంతే. నిరుడు, అంటే రెండు వేల ఒకటిలో, వచ్చినవాళ్లు రోడ్డు మీదే జీపు ఆపి, ఎదురుగా తిమ్మప్ప బోరు కింద పచ్చగా ఉన్న మల్బరీ తోట చూసి ‘పంటల పరిస్థితి ఆశాజనకం’ అని రాసుకుని వెళ్లిపోయారు. దాంతో వాళ్ల ఊరు ఎర్రబండపల్లి కరువు జాబితాలోకి ఎక్కలేదు. ఈసారి కూడా ఎక్కకపోతే సర్కారు ఇచ్చే విత్తనం కాయలు రావు. ఉన్న పది గొర్రెలనూ సంతకు తోలి, మొగుడూ పెళ్లాం బెంగళూరుకు కూలికి బస్సెక్కాల్సిందే. అందుకే ఆఫీసర్లకు భోజనం తన ఇంట్లోనే అని పట్టుబట్టి మరీ ఒప్పించాడు. అన్నం పెట్టినవాడు పిలిస్తే చేలోకి రామని ఎలా అంటారని అతని ధీమా.

ధీమా ఉంది గానీ, కడుపు మాత్రం నాలుగు రోజులుగా కదలడం లేదు. బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే కూతురు హేమలతకు ఫోనులో నసుగుతూ చెప్పుకుంటే, ఆ పిల్ల మడకశిర బస్సు డ్రైవరు చేతికిచ్చి అరకిలో ఎండు ఆల్‌బుకారా పండ్లు పంపింది. గింజలు తీసేసిన పండ్లు. నల్లగా, ముడతలు పడి, చేతికి జిగటగా అంటుకుంటున్నాయి. ఇది మందా, తిండా అని ఓబుళేసు ఊరి నర్సు జయంతిని అడిగాడు.

“రెండూ అన్నా. పీచు జాస్తి, కడుపు సాఫీగా అయితాది. ఎముకలకూ మంచిదంటారు. అయితే పూటకు మూడో నాలుగో, అంతే. నీళ్లు బాగా తాగల్ల. ఎక్కువ తింటే కడుపు పట్టుకోని పరిగెత్తల్ల. చక్కెర జబ్బోళ్లు, కిడ్నీ జబ్బోళ్లు డాక్టర్ను అడక్కుండా ముట్టగూడదు,” అంది జయంతి.

పండ్లు ఇంటికి తెచ్చాక అసలు చిక్కు వచ్చింది. పెళ్లాం సుంకమ్మ మంచి మనిషి, కష్టజీవి. నోట్లో మాట మాత్రం నిలవదు. మొగుడి కడుపు సంగతి ఆమెకు తెలిస్తే సాయంత్రానికల్లా బోరింగు దగ్గర అందరికీ తెలుస్తుంది, తెల్లారేసరికి ఊరంతా ఆముదం గిన్నెలతో దిగుతుంది. అందుకని అతను పైనున్న అట్టపెట్టె పారేసి, పండ్లను అటక మీది పాత చింతపండు కుండలో దాచాడు. ఏళ్ల తరబడి నిలవ ఉండి నలుపెక్కిన ఆ చింతపండు గొప్ప చుట్టాలు వచ్చినప్పుడు తప్ప కిందికి దిగదు. ఆ గొప్ప చుట్టాలను పిలిచింది తానేనన్న సంగతి, వంటింటి వ్యవహారం తెలియని మగవాడు గనుక, అతనికి తట్టలేదు.

ఆఫీసర్లు పన్నెండు గంటలకు వచ్చారు. పెద్దాఫీసరు, ఆయన చెప్పింది రాసుకునే చిన్నాఫీసరు, జీపు డ్రైవరు. సుంకమ్మ రాగి సంగటి, వంకాయ పులుసు వడ్డించింది. వడ్డించకముందే రుచి చూస్తే అతిథికి ఎంగిలి పెట్టినట్టని ఆమె పట్టింపు కాబట్టి, పులుసు ఎలా కుదిరిందో ఆమెకే తెలియదు. బెల్లం వేశావా అమ్మా అని పెద్దాఫీసరు మెచ్చుకుంటూ అడిగితే తలూపింది. కన్నడ సీమ పక్కన ఉన్నందుకు ఈ మాత్రం తీపి ఉండాలంటూ ఆయన మూడుసార్లు వేయించుకున్నాడు. మిగతా ఇద్దరూ గిన్నె అడుగు కనిపించేదాకా వదల్లేదు. తర్వాత ముగ్గురూ అరుగు మీద నడుం వాల్చారు.

అదే అదనుగా ఓబుళేసు నాలుగు పండ్లు తిందామని అటక ఎక్కాడు. కుండ ఖాళీ.

“ఇందులో చింతపండు ఏమాయె?”

“పులుసులో ఏసినా. మా అమ్మ ఇచ్చిన పండు ఎంత మెత్తగయ్యిండాది! పిసికితే గింజ లేదు, ఈనె లేదు. కుండంతా ఊడ్చి ఏసినా,” అంది సుంకమ్మ సంబరంగా.

ఓబుళేసు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. పూటకు నాలుగంటే, ముగ్గురూ తలా పదిహేనుకు తక్కువ తినలేదు. ఆఫీసర్లకు ఏదో పెట్టాడని కేసు పెడితే తన గతేమిటి? ఊరి పేరు జాబితాకు బదులు పోలీసు స్టేషను పుస్తకంలో ఎక్కితే? అతనికి నిజంగానే భయం వేసింది. నిజం చెప్పడానికి నోరు రాలేదు. జయంతి చెప్పిన జాగ్రత్తలు గుర్తు చేసుకుని, పెద్దాఫీసరు కళ్లు తెరిచేదాకా తల దగ్గరే కాచుకున్నాడు.

“సార్, మీకు చక్కెర జబ్బు ఏమన్నా ఉండాదా? కిడ్నీలు బాగుండాయా?”

పెద్దాఫీసరు ముఖం ముడుచుకున్నాడు. “చూడవయ్యా, మిఠాయి డబ్బాలూ అవీ మేం పుచ్చుకోం.”

చిన్నాఫీసరు ముఖంలో కొంచెం నిరాశ కనిపించింది. జబ్బులేమీ లేవని డ్రైవరు ద్వారా ఆరా తీసుకున్నాక ఓబుళేసు ఊపిరి పీల్చుకుని, ఇక నీళ్లు పట్టించే పనిలో పడ్డాడు. చెంబు వెనక చెంబు. సుంకమ్మ బోరింగు నుంచి రెండు మైళ్లు మోసుకొచ్చిన బిందెలు అయిపోతే పక్కింటి ఆంజినమ్మ బిందె కూడా ఎత్తుకొచ్చాడు. వద్దంటే బతిమాలి తాగించాడు. చిన్నాఫీసరు పుస్తకం తీసి ఏదో రాస్తుంటే మెడ సాచి చదివాడు. ‘గ్రామంలో తాగునీటికి కొరత కనిపించలేదు’ అని ఉంది. ఓబుళేసు చెంబును వెనక్కి దాచుకున్నాడు.

చేలోకి రమ్మని ఎంత వేడుకున్నా పెద్దాఫీసరు వినలేదు. ఇంకా రెండు ఊళ్లున్నాయి, రోడ్డు మీంచి కనపడుతూనే ఉందిగా అని జీపెక్కాడు. ఓబుళేసు వెనకాల పరిగెత్తాడు. జీపు సరిగ్గా అతని చేను దగ్గరకు వచ్చి ఆగిపోయింది. ఎవరూ పిలవకుండానే పెద్దాఫీసరు దిగాడు. దిగి, పొట్ట పట్టుకుని చేలోకి పరుగు తీశాడు. చిన్నాఫీసరు ఇంకో దిక్కుకు, డ్రైవరు మరో దిక్కుకు.

పాపం, పోయి ఎక్కడ కూర్చుంటారు? వేరుశనగ మొక్క జానెడు కూడా ఎదగలేదు. గట్ల మీది కంపచెట్లు ఎప్పుడో పొయ్యిల్లోకి పోయాయి. ఎదురుగా తిమ్మప్ప మల్బరీ తోటకు చుట్టూ ముళ్లకంచె, గేటుకు తాళం. పెద్దాఫీసరు ఆరెకరాలూ దాటి, రామాంజులు చేను దాటి, ఎండిన వంక దాకా పోయాడు. కనుచూపు మేర ఎర్రనేల తప్ప ఏమీ లేదు.

“ఏమయ్యా, మీ ఊళ్లో ఒక చాటన్నా లేదా?” అని అక్కణ్నించి కేక పెట్టాడు.

“మూడేండ్లాయె సార్ వాన లేక. చాటు యాడ్నుంచి వస్తాది?” అన్నాడు ఓబుళేసు.

చివరికి వంకలో ఒక గుంత దొరికింది. కాసేపటికి నీళ్లు పట్రమ్మని పిలుపు వచ్చింది.

“లేవు సార్. ఊర్లో ఉన్నెవన్నీ మీరే తాగినారు.”

జీపు రేడియేటరు కోసం ఉంచిన డబ్బాలోని నీళ్లే ఆ పూట ముగ్గురి మానాన్నీ కాపాడాయి. పరుగుల వల్లనో, భయం వల్లనో ఓబుళేసు కడుపు కూడా ఆ సాయంత్రమే దారికొచ్చింది. సంతోషించే స్థితిలో మాత్రం అతను లేడు. మర్నాడు జయంతి చేత ఫోను చేయించి కనుక్కుంటే, ముగ్గురూ క్షేమమనీ, ఒళ్లు తేలిగ్గా ఉందనీ చెప్పారు.

ఇరవై రోజుల తర్వాత మండలాఫీసు నుంచి కబురొచ్చింది. శిక్షేనని అనుకుంటూ వెళ్లాడు. గుమాస్తా జాబితా చదివాడు. మొట్టమొదటి పేరు ఎర్రబండపల్లి. కింద పెద్దాఫీసరు నివేదిక: ‘స్వయంగా పొలాల్లోకి దిగి సుదీర్ఘంగా పరిశీలించాము. మనిషి కూర్చుంటే కనపడకుండా దాచగల మొక్క ఒక్కటీ లేదు. అత్యవసరానికి చెంబెడు నీళ్లు దొరకలేదు. ఇంతటి కరువును మా సర్వీసులో అనుభవించి ఎరగము.’ ఓబుళేసుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బెంగళూరు బస్సు తప్పింది, గొర్రెలు మిగిలాయి. ఇంటికి పోయి జరిగిందంతా సుంకమ్మకు చెప్పేశాడు.

ఆమెకు చెప్పాక దాగుతుందా? మరుసటి ఏడు తనిఖీ అనగానే చుట్టుపక్కల నలుగురు సర్పంచులు వచ్చి, ఆ పులుసు ఎట్లా చెయ్యాలో చెప్పమని సుంకమ్మ ముంగిట కూర్చున్నారు.

తనిఖీ బృందం మాత్రం ఈసారి క్యారియర్లు వెంట తెచ్చుకుంది.