టైలరమ్మ రాసిన లెక్కల పరీక్ష

ఆ రోజు పొద్దున టైలరమ్మ అనుకున్నది చాలా చిన్న పని. కూతుర్ని సాగనంపి, మిషను ముందు కూర్చుని, మధ్యాహ్నంలోపు పన్నెండు స్కూలు యూనిఫారాలకు కాలర్లు వేసేయాలి. కూతురికి యూనివర్సిటీలో సీటొచ్చింది. తరగతులు మొదలయ్యేలోపు కొత్తగా చేరేవాళ్ళకు లెక్కల్లో నాలుగు వారాల సన్నాహక కోర్సు పెట్టారు. మొదటిరోజే ఒక పరీక్ష పెట్టి, మార్కులను బట్టి ఎవరు ఏ గ్రూపులో కూర్చోవాలో తేలుస్తారు.

"అదంతా లెక్కలు రానివాళ్ళ కోసమమ్మా. నేను ఊరికే మొహం చూపించి వస్తా," అంటూ కూతురు ఎనిమిదింటికే బయల్దేరింది. ఆ ధీమా చూసి టైలరమ్మ మురిసిపోయింది.

పావుగంట తర్వాత మిషను మీద కళ్ళజోడు డబ్బా కనబడింది. వీధిలో కళ్ళజోడు పెట్టుకోవడం ఆ పిల్లకు నామోషీ. డబ్బాలో పెట్టి తీసుకెళ్ళి తరగతిలో పెట్టుకుంటుంది. అది లేకపోతే బోర్డు మీద రాసింది కాదు కదా, బోర్డు ముందు నిలబడ్డ మనిషి కూడా కంటికి ఆనడు. భర్త స్నానాల గదిలో ఉన్నాడు. చెప్పేంత తీరిక లేదు. టైలరమ్మ మెడలో టేపు మెడలోనే ఉండగా డబ్బా పట్టుకుని బస్సెక్కింది.

యూనివర్సిటీ హాలు గుమ్మం దగ్గర అటెండరు జాబితా పట్టుకుని నిలబడ్డాడు.

"పేరు?"

ఎవరి కోసం వచ్చావని అడుగుతున్నాడనుకుని ఆమె కూతురి పేరు చెప్పింది. అతను టిక్కు పెట్టి, టేపు మీదుగా ఆ పేరున్న కార్డొకటి మెడలో వేశాడు. వయసు చూసి అనుమానపడలేదు. చదువు మధ్యలో ఆపేసి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు ఏటా నలుగురైదుగురు వస్తూనే ఉంటారు. అప్పటికే లోపల ఒక నర్సు, ఒక బస్సు డ్రైవరు కూర్చుని పెన్సిళ్ళు చెక్కుకుంటున్నారు.

"బాబూ, నేను కళ్ళజోడు..."

"కళ్ళజోడు పెట్టుకోవచ్చండీ. కాలిక్యులేటరే కూడదు. లోపలికి నడవండి, టైమైంది."

వెనక తలుపు పడింది. గడియ కూడా పడింది. తల్లిదండ్రులకేదో మీటింగు కాబోలనుకుని ఆమె ఖాళీ కుర్చీలో కూర్చుంది. కూతురి కోసం చుట్టూ చూస్తుండగానే, మెడలో కార్డు మీద పేరు చూసి ఎవరో కాగితం ముందు పెట్టారు. తిప్పి చూస్తే అన్నీ లెక్కలు.

"తెలిసినంత రాయండి. తెలియనందుకు ఎవరూ సిగ్గుపడొద్దు," అన్నారు నెరిసిన జుట్టు మాస్టారు. "మాట్లాడటం మాత్రం కుదరదు."

నోరు తెరవబోయిన టైలరమ్మ నోరు మూసుకుంది. కాగితం పైన కూతురి పేరు అచ్చులో ఉంది. ఖాళీగా ఇచ్చేస్తే సున్నా పడేది ఆ పేరుకే. పదో తరగతితో చదువు ఆపేసిన ఆమె గుండె చిక్కబట్టుకుని పెన్సిలు అందుకుంది.

అసలు మనిషి తొమ్మిది దాటిన ఇరవై నిమిషాలకు గుమ్మం దగ్గరకొచ్చింది.

"ఈ పేరుగల ఆవిడ లోపల పరీక్ష రాస్తున్నారు," అన్నాడు అటెండరు.

"ఆవిడేంటండీ? అది నా పేరు!"

తలుపుకున్న అద్దంలోంచి చూసింది. కళ్ళజోడు లేదాయె, నీలం రంగు ముద్దలా ఎవరో కనబడ్డారు.

"ఫొటో ఉన్న కార్డేదైనా చూపించండి."

"కార్డు కళ్ళజోడు డబ్బాలో పెట్టానండీ."

"డబ్బా ఏది?"

"ఇంట్లో మరిచిపోయా."

అటెండరు ఆమెను ఎగాదిగా చూసి, జాబితాలో ఉన్న నంబరుకు ఫోను చేశాడు. నాన్న గొంతు ఖంగుమని బయటికి వినబడింది. "మా అమ్మాయా? ఎనిమిదింటికే వెళ్ళిందండీ. లోపలే ఉంటుంది చూడండి. అది క్లాసు ఎగ్గొట్టే రకం కాదు. లెక్కలంటే దానికి మంచినీళ్ళ ప్రాయం!"

"మీ నాన్నగారే అయితే మాట్లాడండి," అని అతను ఫోను చాపాడు.

మాట్లాడితే, ఎనిమిదింటికి బయల్దేరిన పిల్ల ఇంతసేపూ ఎక్కడుందో చెప్పాలి. ఆమె తల దించుకుంది. అటెండరుకు విషయం పూర్తిగా అర్థమైపోయింది.

"అలా చెప్పండి. వేరేవాళ్ళ పేరుతో పరీక్ష రాద్దామని వచ్చారన్నమాట. ఆ బల్ల మీద కూర్చోండి. మాస్టారు వచ్చి తేలుస్తారు."

పరీక్ష అయ్యి తలుపు తెరిచేసరికి అందరికన్నా ముందు టైలరమ్మ బయటపడింది. అటెండరు ఆమెకు ఎదురెళ్ళి, "మీ పేరు చెప్పుకుని ఈ అమ్మాయి వచ్చిందండీ. పట్టుకుని కూర్చోబెట్టా!" అన్నాడు గర్వంగా.

"అమ్మా! నువ్వా?"

టైలరమ్మ డబ్బా తెరిచి కూతురికి కళ్ళజోడు పెట్టింది. ఆ తర్వాతే ఏడ్చింది. "నీ పరీక్ష నేను రాసేశానే తల్లీ. నీ చదువు నాశనం చేశాను."

గొడవ విని మాస్టారు ఆ కాగితం పట్టుకుని వచ్చారు. నిచ్చెన లెక్క దగ్గర 'కింద ఒక మనిషి పట్టుకోవాలి' అని మాత్రమే రాసి ఉంది. శంకువు ఆకారపు గుడారానికి ఎంత గుడ్డ కావాలన్న లెక్కకు సూత్రమేమీ లేదు. గుడ్డ ఎలా కత్తిరించాలో బొమ్మ ఉంది, పక్కన సరైన జవాబుంది, దాని కింద 'కుట్లకు పోయేది ఇంకో అర మీటరు' అని ఉంది.

"మొత్తం నలభైకి పదకొండు," అన్నారాయన. "మీ అమ్మాయి ఇప్పుడు మళ్ళీ రాయొచ్చు. వేరే కాగితం ఇస్తాను. కంగారేం లేదు."

కూతురు కదల్లేదు.

"అమ్మా, నేను ఎనిమిదిన్నరకే వచ్చాను. వెనకాల మెట్ల మీద కూర్చున్నా. లోపలికి రావడానికి కాళ్ళాడలేదు. పోయినేడాది నుంచి నాకు లెక్కలు అర్థం కావడం లేదమ్మా. ఇంట్లో చెప్పినదంతా బడాయి. మీరిద్దరూ అంత సంబరంగా ఉంటే ఎలా చెప్పను?"

టైలరమ్మ పిల్ల జుట్టు చెవి వెనక్కి సర్దింది.

"ఆ కాగితం చూడగానే నేనూ పారిపోయేదాన్నేనే. తలుపు గడియ వేశారు కాబట్టి కూర్చున్నా," అంది. "కూర్చున్నాక ఒక్కోటీ చూస్తే, అంత చంపేసేవేం కాదు. పద. నేనిక్కడే ఉంటా."

కూతురు వెళ్ళి రాసింది. టైలరమ్మ అదే బల్ల మీద కూర్చుని, ఏం చేయాలో తోచక టేపు చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. అపరాధభావంతో అటెండరు రెండుసార్లు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

మాస్టారు కాగితం దిద్ది, రెండోసారి కూడి చూసుకున్నారు.

"తొమ్మిది."

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు కానీ, ఆపుకోలేక ఇద్దరూ బల్ల మీద కూలబడ్డారు.

"గుడారం కూడా రాలేదటే?"

"గుడ్డ సంగతి నిన్నడగొచ్చని రాసుంటే వచ్చేదమ్మా!"

"ఈ కోర్సు పెట్టిందే రానివాళ్ళ కోసం తల్లీ," అన్నారు మాస్టారు. "అన్నీ వచ్చేస్తే ఇక్కడ నాకేం పని? మొదటి గ్రూపు, కుడిచేతి వైపు గది. ముందు వరసలో చోటుంది."

కూతురు కళ్ళజోడు సర్దుకుని, వరండాలో అందరూ చూస్తుండగానే నడిచి వెళ్ళి నర్సు పక్కన కూర్చుంది. టైలరమ్మ మెడలోని కార్డు తీసి అటెండరు చేతిలో పెట్టి, యూనిఫారాలు గుర్తొచ్చి బస్సు కోసం పరుగెత్తింది.

ఒకే పేరు మీద రెండు కాగితాలుంటే ఎక్కువ మార్కులొచ్చినదే ఉంచాలని నిబంధన కాబట్టి, యూనివర్సిటీ ఫైల్లో ఇప్పటికీ టైలరమ్మ రాసిందే ఉంది.