ముప్పై రెండు ఇళ్లకూ ఒకే స్టాపు

ఆ ఆదివారం పొద్దున్న ఆరింటికి ఫణిశ్రీ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. రాయ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని ముప్పై రెండు తెలుగు కుటుంబాలు కార్తీక వనభోజనాలకు రెండు బస్సుల్లో ఆరంగ్ వెళ్లాలి. ఎవరు ఎక్కడ బస్సెక్కాలో వాళ్ల ఫోనుకు మెసేజ్ వెళ్లాలి. పదిహేనేళ్లుగా ఈ కబురంతా ఆమె తండ్రి రామమూర్తి, సంఘం కార్యదర్శి హోదాలో, సైకిలు మీద ఇంటింటికీ తిరిగి చెప్పేవాడు. ఈసారి సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్న కూతురు ఆ బరువు తలకెత్తుకుంది.

“క్లాసు రాశానంటావ్, ఏం క్లాసమ్మా అది?” అని అడిగాడు రామమూర్తి టీ తాగుతూ.

“ఖాళీ ఫారం లాంటిది నాన్నా. పేరు, ఫోను, స్టాపు. మూడే గళ్లు. ఒక్కో కుటుంబానికి ఒక్కో ఫారం. లెక్కా డొక్కా ఏం చెయ్యదు, ఉన్నది ఉన్నట్టు దాచుకుంటుందంతే. ఇందులో తప్పు జరగడానికి ఏముంది చెప్పు?”

స్టాపుకు ఇంకో చిన్న ఫారం ఉంది: చోటు, సమయం. అందరూ ఎక్కేది కాలనీ పెద్ద గేటు దగ్గరే, దాన్ని కాలనీలో ఉత్త ‘గేటు’ అనే అంటారు. అందుకని ఫణిశ్రీ ‘గేటు, ఏడున్నర’ అని ఒకే ఒక్క స్టాపు ఫారం నింపి ముప్పై రెండు కుటుంబాలకూ, ఇద్దరు బస్సు డ్రైవర్లకూ తగిలించింది. ఇలాంటి ఫారాలు ఒకసారి నింపాక మళ్లీ దిద్దకూడదని, మార్పుంటే కొత్తది నింపాలని ఆఫీసులో సీనియర్ ప్రీతి చెప్పకపోలేదు. అవన్నీ బ్యాంకుల ప్రోగ్రాములకు చెప్పే జాగ్రత్తలని ఫణిశ్రీ అభిప్రాయం.

“ఒక్క మార్పుందమ్మా,” అన్నాడు రామమూర్తి. “దానయ్యకి గేటు వద్దు. తెలీబంధాలో వాళ్లమ్మాయి దివ్య ఇంటికే బస్సొస్తుందని రాయి.”

దానయ్య వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి, రిటైరయ్యాక ఊళ్లోనే తెలీబంధా పేటలోని కూతురింటికి మారాడు; సంఘం లెక్కలో మాత్రం ఇంకా కాలనీవాడే. ఇరవయ్యేళ్లు వనభోజనాల వంట ఆయనదే. నిరుడు ఆయనకు కబురు పెట్టడం అందరూ మరిచిపోయారు. గరిటె అప్పలనరసమ్మ చేతికి వెళ్లింది. ఆ గుత్తివంకాయ తిన్నవాళ్లు దాని గురించి ఇప్పటికీ మాట్లాడరు. దానయ్య అలిగాడు. ఈ ఏడు ఆయన రాకపోతే సగం కుటుంబాలు వచ్చే ఏడు రామని తేల్చి చెప్పేశాయి.

ఫణిశ్రీ దానయ్య ఫారం తెరిచి, స్టాపులో ‘గేటు’ చెరిపి ‘తెలీబంధా, చెరువు వెనక సందు, దివ్య గారి ఇల్లు’ అని దిద్దింది. మీట నొక్కింది. ముప్పై నాలుగు మెసేజ్‌లు వెళ్లిపోయాయి. వాటిలో తమ ఇంటికి వచ్చినదాన్ని తండ్రీ కూతురూ తెరిచి చూడలేదు.

రెండు నిమిషాల్లో అప్పలనరసమ్మ ఫోను. “ఏటే ఫణీ, మేం యెక్కడికెల్లాలే? ఇందులో ఏటేటో రాసుంది.”

“మెసేజ్‌లో ఏముందో అక్కడికే వెళ్లండత్తా.”

“పక్కాయేనేటి? ఆటోలో ఎల్లాలి మరి.”

గేటుకు నడవలేక ఆటో అంటోంది కాబోలనుకుంది ఫణిశ్రీ. “పక్కా అత్తా. బిల్కుల్ పక్కా. ప్రోగ్రాం తప్పు చెప్పదు.”

తర్వాత కాలనీలోనే ఉండే యోహాను గారు ఫోను చేశారు. ఆ తర్వాత డ్రైవరు, “మేడం, తెలీబంధా?” అని అడిగాడు. దానయ్య గారి కోసం అడుగుతున్నాడనుకుని “హా భయ్యా, తెలీబంధా భీ,” అంది, అక్కడికి కూడా వెళ్లాలని. ఇంకో పది ఫోన్లకు పదిసార్లు అదే ధీమాగా ‘మెసేజ్ ప్రకారం వెళ్లండి’ అని చెప్పింది.

ఏడున్నరకు గేటు దగ్గర ఇద్దరే నిలబడి ఉన్నారు, తండ్రీ కూతురూ. పక్కన రెండు పెద్ద గుండిగలు. బస్సు లేదు, మనుషులు లేరు.

“మనవాళ్లు ఆలస్యంగా రావడం మామూలేగానీ, అందరూ కలిసి ఇంత ఆలస్యం ఎప్పుడూ చెయ్యలేదే,” అన్నాడు రామమూర్తి.

ఫణిశ్రీ గుండిగ మీదే ల్యాప్‌టాప్ పెట్టి తెరిచింది. పేరేదైనా స్టాపు ఒకటే: తెలీబంధా, దివ్య గారి ఇల్లు. ముప్పై రెండు ఇళ్లకు ముప్పై రెండు చీటీలు పంచాననుకుంది. నిజానికి ఒకే చీటీని అందరి చేతా పట్టించింది. దానయ్య వైపు నుంచి దిద్దితే అందరిదీ దిద్దుకుపోయింది.

అప్పుడైనా ఆగితే బాగుండేది. కంగారులో అదే చీటీని మళ్లీ ‘గేటు’ అని దిద్ది, మీట నొక్కేసింది. నొక్కాక గుర్తొచ్చింది, ఆ చీటీ దానయ్య చేతిలో కూడా ఉందని.

తెలీబంధాకు చేరినవాళ్లలో ఫోను చూసుకున్నవాళ్లు ఆటోలు వెనక్కి తిప్పారు. ఒక బస్సూ తిరిగింది. ఫోను సంచిలో ఉన్నవాళ్లు అక్కడే ఉండిపోయారు. దివ్య ఫోను చేసింది. “ఫణీ, మా ఇంటి ముందు అరవై మంది ఉన్నారే! అత్తగారు పూజలో ఉన్నారు, ఏం చెప్పను? నాన్నేమో గదిలో పడుకుని ‘నేను రాను’ అంటున్నాడు.”

ఫణిశ్రీ స్కూటీ తీసింది. రామమూర్తి వెనక కూర్చున్నాడు. దారి పొడుగునా ఆయన ఆటోల్లో ఎదురొచ్చే కాలనీవాళ్లకు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. దానయ్యను ఇంటి నుంచి కదిలించడానికని మొదలుపెట్టిన పని, ‘నువ్వే గేటు దాకా రా’ అని ఆయనకు హుకుం పంపడంతో ముగిసింది.

సందు మొదట్లోనే స్కూటీ ఆగిపోయింది, ముందుకు చోటు లేక. గోడ మీద యోహాను గారు, మెట్ల మీద ఒడిలో వంకాయల బుట్టతో అప్పలనరసమ్మ, సందు నిండా పిల్లలు. అప్పుడే తలుపు తీసుకుని, చేతిలో ఫోనుతో దానయ్య బయటికొచ్చాడు. ఆ ఇంటి గేటు దాకా నడిచి ఆగిపోయాడు. ఒకసారి ఫోను చూశాడు, ఒకసారి జనాన్ని చూశాడు.

“గేటు దగ్గరికి రమ్మని మెసేజొస్తే, ఎందుకా అని వచ్చాను,” అన్నాడు. రామమూర్తి వైపు తిరిగాడు. “ఒరే రామమూర్తీ, నన్ను పిలవడానికి కాలనీ మొత్తాన్ని ఎత్తుకొచ్చేశావేట్రా!”

ఫణిశ్రీ నిజం చెప్పబోయింది. తండ్రి ఆమె కాలు తొక్కాడు.

“ఏం చెయ్యమంటావ్, మేమూ వస్తామని అందరూ పట్టుబట్టారు,” అన్నాడు రామమూర్తి తడబాటు లేకుండా.

అప్పలనరసమ్మ లేచి వంకాయల బుట్ట దానయ్య చేతికిచ్చింది. “ఇంద, నాకొద్దీ పని. నిరుడు నేనే తినలేకపోనాను.” దానయ్య నవ్వాపుకోలేక, చొక్కా మార్చుకోవడానికి లోపలికి పరిగెత్తాడు.

అక్కడున్నవాళ్లను ఒక బస్సు ఎక్కించుకుంది. గేటుకు తిరిగెళ్లినవాళ్లను, గుండిగలతో సహా, రెండోది ఎక్కించుకుంది. పదిన్నరకల్లా రెండూ ఆరంగ్ చేరాయి. గుత్తివంకాయ రెండోసారి వడ్డించబోతే గిన్నె ఖాళీ.

చేయి కడుక్కుని ఫణిశ్రీ ఒక చెట్టు కింద ల్యాప్‌టాప్ తెరిచింది. ఎవరి స్టాపు వాళ్లకు విడిగా ఉండేలా, ఒకసారి నింపాక దిద్దడానికే వీల్లేకుండా క్లాసు తిరగరాయసాగింది. రామమూర్తి వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

“ఏం చేస్తున్నావమ్మా?”

“తప్పు సరిచేస్తున్నా నాన్నా.”

“చెయ్యి. కానీ పాతది చెరపకు. వచ్చే ఏడాది ఎవరు అలుగుతారో ఏమో.”