నలభై ఏడో బిట్టు

ఆ ఆదివారం ప్రొఫెసర్ ధర్మారావుగారి కార్యక్రమం చాలా చిన్నది. పది గంటలకు ఇంటాయన బాలకిషన్ కింది అంతస్తు నుంచి వస్తాడు, అద్దె అగ్రిమెంటు మీద సంతకాలవుతాయి, ఆ తర్వాత ఆయన తన నక్షత్రాల దగ్గరికి, భార్య విజయశ్రీ తన వంకాయల దగ్గరికి వెళ్ళిపోతారు. చిక్కడపల్లిలో ఈ రెండో అంతస్తు దొరికేలోపు ఆ దంపతులు ఆరేళ్ళలో నాలుగిళ్ళు మారారు. ఇంకోసారి సామాను కట్టే ఓపిక తనకు లేదని విజయశ్రీ ఏనాడో తేల్చేసింది.

"ఆయనతో నక్షత్రాల ఊసెత్తకండి. సంతకం పెట్టండి, కాఫీ ఇచ్చి పంపించేయండి," అంది.

"నేనెందుకెత్తుతానూ?" అన్నారు ధర్మారావుగారు నొచ్చుకుంటూ.

పాపం, ఊసెత్తింది ఆయన కాదు, వడల పొట్లం. న్యూట్రాన్ నక్షత్రాల్లోని పదార్థం మీద ఆయన ఇరవై ఏళ్ళుగా లెక్కలు కడుతున్నారు. పోయిన నెల ఒక పత్రిక ఆ సంగతి అరపేజీ వేసింది. అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ ఆ అరపేజీని పిండి, వడగట్టి, పోటీ పరీక్షల పిల్లల కోసం ఒక్క బిట్టు చేసింది. పరీక్ష అయిపోయాక ఆ కాగితం టిఫిన్ బండికి చేరింది. ఆ ఉదయం బాలకిషన్ పొట్లం విప్పితే, నూనె మరకల మధ్య నలభై ఏడో బిట్టు కంటబడింది: 'ఒక్క చెంచాడు వంద కోట్ల టన్నులు తూగే పదార్థం గల ప్రదేశం?' నాలుగు జవాబుల్లో 'చిక్కడపల్లి, ప్రొ. ధర్మారావు నివాసం' అన్నదానికి టిక్కు కొట్టి ఉంది.

ఆ నివాసానికి సరిగ్గా కింద బాలకిషన్ మంచం ఉంది.

పదింటికి రావలసిన మనిషి తొమ్మిదింపావుకే వచ్చాడు. లోపలికి మాత్రం రాలేదు. గడప దగ్గరే మునివేళ్ళ మీద నిలబడ్డాడు.

"సార్, గా చెంచా ఏడ పెట్టిన్రు?"

అతను చాచిన కాగితం చదివి ధర్మారావుగారు మండిపడ్డారు. ఇంటాయన భయం ఆయనకు కనబడలేదు, జవాబు తప్పన్నది కనబడింది. కాగితం అడుగున ఉన్న కోచింగ్ సెంటర్ నంబరుకు అప్పటికప్పుడు ఫోనులో అభ్యంతరం రాయడం మొదలుపెట్టారు.

"ఇంట్లో అలాంటిదేమీ లేదు అన్నయ్యగారూ," అంది విజయశ్రీ.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ తన నక్షత్రం మాట వినబడితే ధర్మారావుగారి నోరు ఆగదు.

"అసలు వంద కోట్లని తక్కువ చెప్పాడండీ! సూర్యుణ్ణి మించిన బరువు మన ఔటర్ రింగ్ రోడ్డు లోపల పట్టేస్తుంది!"

"రింగ్ రోడ్డు లోపల్నా?" బాలకిషన్ గోడ పట్టుకున్నాడు.

"మామూలు వస్తువుల్లో అంతా ఖాళీయే. ఆ ఖాళీ లేకుండా కుక్కేస్తే అంత బరువవుతుంది."

"ఖాళీ జాగ ఉంచితే కిరాయి లుక్సానే గద సార్," అన్నాడు బాలకిషన్ అలవాటుగా. వెంటనే తేరుకుని, "అగ్రిమెంటు వద్దు సార్. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయుండ్రి," అన్నాడు.

విజయశ్రీ భర్త వైపు చూసింది. ధర్మారావుగారు ఫోను పక్కన పెట్టి, ఇంట్లో ఉన్నవి కాగితాలూ కంప్యూటరూ మాత్రమేనని, నక్షత్రం చాలా దూరాన ఉందని ఒట్టేసి చెప్పారు.

"అచ్చుల ఉన్నది సార్, టిక్కు గూడ కొట్టిన్రు," అన్నాడు బాలకిషన్. ఇక అతనికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. నారాయణగూడ నుంచి మేస్త్రీ ఉప్పలయ్యను పిలిపించాడు.

ఉప్పలయ్య సుత్తితో ప్రొఫెసర్‌గారి హాలంతా కొట్టి చూశాడు. నేల గట్టిగా పలికింది. "ఇగ మీది స్లాబ్ జూద్దాం," అని స్టూలెక్కి కొట్టాడు. అది డొల్లగా మోగి, పళ్ళెమంత పెచ్చు ఊడి తిన్నగా అగ్రిమెంటు మీద పడింది.

"కూలుతున్నది!" బాలకిషన్ మెట్ల దగ్గరికి పరుగెత్తాడు. "బిల్డింగ్ కూలుతున్నది! మీదున్నోళ్ళంత దిగుండ్రి!"

మీద ఉన్నది డాబా మీది ఒంటిగది. అందులో కోచింగ్ పిల్లలు నలుగురుంటారని బాలకిషన్ అందరికీ చెప్పేవాడు. నలుగురూ దిగారు. అయిదోవాడూ దిగాడు. తర్వాత బకెట్లతో కొందరు, పుస్తకాలతో కొందరు, సగం గీసిన గడ్డంతో ఒకడు. ధర్మారావుగారు లెక్కల మనిషి కాబట్టి లెక్కపెడుతూ పోయారు. ఇరవై ఆరు దగ్గర మెట్లు ఖాళీ అయ్యాయి.

"అంతేనా?"

"ఇంక ఇద్దరు లైబ్రరీకి పోయిన్రు సార్," అన్నాడు గడ్డం పిల్లవాడు.

"ఇంతమంది ఒక్క గదిలో ఎలా పడుకుంటారయ్యా?"

"మూడంతస్తుల మంచాలు సార్. ఒకరు పక్కకు తిరగాలంటే అందరం తిరగాలె."

ఉప్పలయ్య స్టూలు దిగి చేతులు దులుపుకున్నాడు. "సారు చెంచా గాదు సేట్, నీ మంచాలే. పోరగాండ్లు మళ్ళ మీదికి పోయిన్రంటే స్లాబ్ ఆగది."

విజయశ్రీ సున్నం దులిపి అగ్రిమెంటు తీసింది. ఆమె గొంతు తేనెలో ముంచినట్టుంది.

"అన్నయ్యగారూ, దీన్ని మూడేళ్ళకు రాద్దామా, మున్సిపాలిటీ వాళ్ళను పిలిచి మీ డాబా గది చూపిద్దామా? పిల్లలకు వేరే చోటు దొరికేదాకా మీ హాలుందిగా."

బాలకిషన్ స్టూలు మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. కాఫీ కూడా అడగలేదు.

సాయంత్రం కింద బాలకిషన్ హాల్లో ఇరవై ఎనిమిది మంది గొంతెత్తి బిట్లు వల్లె వేస్తుండగా, ధర్మారావుగారు పొద్దున ఫోనులో రాసి ఆపిన అభ్యంతరం మళ్ళీ చదువుకున్నారు. 'అంత దట్టమైన పదార్థం చిక్కడపల్లిలో లేదు' అని ఉంది. ఆయన నిజాయితీ గల శాస్త్రవేత్త కనుక దాన్ని చెరిపేశారు.