సావిత్రమ్మ పేనిన తీగలు

మైకుసెట్లు అద్దెకిచ్చే కౌతాళం మద్దయ్య బేరానికి వచ్చేలోగా పెట్టెను కాస్త ముస్తాబు చేద్దామని ఆ ఉదయం సోమప్ప అనుకున్నాడు. అనుకోవడం వరకూ తప్పులేదు. ఆదోనిలో ఏ సరుకూ పైచూపుకు అమ్ముడుపోదు. పత్తి కుక్కిన గోనె బోరెంలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపలి దూది లాగి చూసే ఊరది. రేడియో దుకాణానికి వచ్చినవాడు కూడా ముందు మూత తీయమంటాడు. అందుకే సోమప్ప మూత తీసి, లోపలి తీగలన్నీ వరసగా సర్ది మైనపు దారంతో కట్టాడు. రెండు సన్న తీగలు మాత్రం ఒకదానికొకటి పేనుకుని ఆయన కంటికి మరీ నాటుగా కనిపించాయి. వాటిని విప్పి, సాపు చేసి, రాగి తీగ చుట్టిన కాయిళ్ల పక్కగా చెరోవైపు పరిచాడు.

నిజానికి ఆ పెట్టె చేసింది ఆయన భార్య సావిత్రమ్మ. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టిన మనిషి. భర్త పేరున పోస్టులో వచ్చిన రేడియో పాఠాలను ఆయన కవరు కూడా చించకపోతే, తానే కూర్చుని చదివేసింది. ఎనభై మూడులో కరెంటు కోతలకు మైకుసెట్ల వాళ్లు అల్లాడుతుంటే, పన్నెండు వోల్టుల బ్యాటరీని ఇరవైనాలుగుకు పెంచే పెట్టె తయారుచేసింది. రెండు కాయిళ్లు వంతులవారీగా పనిచేస్తాయి. కరెంటు హద్దు మీరితే రిలే అనే స్విచ్చి తనంతట తానే టక్కున పడి పెట్టెను ఆపేస్తుంది. ఎంత కరెంటు పోతోందో ఆ రిలేకు కబురు చేర్చేవే ఆ సన్న తీగలు.

ఇన్నాళ్లూ ఆమె దుకాణంలో కట్టిన తెర వెనకే కూర్చుని పనిచేసింది. ఈ పెట్టె నెగ్గితే ముందు బల్ల దగ్గర కుర్చీ ఆమెది, ఓడితే సోల్డరింగ్ ఐరన్ అటకెక్కాలి. మొగుడూ పెళ్లాల ఒప్పందం అది. ఆడమనిషి అంగట్లో కూర్చుంటే జనం నవ్వుతారని సోమప్ప భయం.

"నవ్వనీ. నవ్వేటోళ్ల రేడియోలు సెడిపోవా?" అంది సావిత్రమ్మ.

మద్దయ్య వచ్చాడు. లోపలి తీగల వరస చూసి మెచ్చుకున్నాడు. పెట్టెకు బ్యాటరీనీ తన ఆంప్లిఫయరునూ తగిలించి స్విచ్చి వేశాడు. టక్! రిలే ఆపేసింది. మళ్లీ వేశాడు. టక్!

"బ్యాటరీ సచ్చినట్టుండాది" అని సోమప్ప తేల్చేసి, పక్కనే జీపు టాక్సీ నడిపే పీరా సాబ్‌ను బతిమాలి జీపు బ్యాటరీ ఊడదీయించాడు. టక్! ఆలూరు పోవలసిన ఆరుగురు ప్యాసింజర్లు జీపు దిగొచ్చి దుకాణంలో నిలబడ్డారు.

"అయితే రోగం నీ ఆంప్లిఫయర్లోనే ఉండాది" అన్నాడు సోమప్ప.

మద్దయ్యకు కోపం నషాళానికెక్కింది. "నా సెట్టునే అంటావా? ఎన్ని తిరునాళ్లు సూసినాదప్పా ఇది!"

నిరూపిస్తానంటూ సోమప్ప రోడ్డు మీద సినిమా ప్రచారం చేసుకుంటూ పోతున్న రిక్షాను ఆపాడు. రిక్షా తిక్కయ్య లబోదిబోమంటున్నా వినకుండా అందులోని ఆంప్లిఫయరు తెచ్చి తగిలించాడు. టక్! ప్రచారం ఆగిందంటే మ్యాట్నీ రద్దయిందనుకున్నారు కొందరు. మ్యాట్నీ రద్దయిందంటే ఎవరో పెద్దవాళ్లు పోయారనుకున్నారు ఇంకొందరు. ఎదురుగా కిరాణా కొట్టు తలుపు ఒకటి మూసేశారు.

"ఎవరు పోయినారు సోమప్పన్నా?" అంటూ సగం బజారు దుకాణానికి వచ్చింది.

చెమటలు కారుతున్న సోమప్పకు ఇక తోవ కనపడలేదు. "ఆడోళ్లు సుట్టిన కాయిళ్లు! ఇట్ల కాక ఇంకెట్లుంటాయి?" అన్నాడు.

తెర వెనక సావిత్రమ్మకు ఒళ్లు మండింది. వేళ్లు బొబ్బలెక్కేలా ఇరవై రోజులు చుట్టిన కాయిళ్లవి. కొంగు నడుమున దోపి బయటికి వచ్చింది.

"లోపలికి పో, మళ్లా మాట్లాడుకుందాం" అన్నాడు సోమప్ప, గొంతు తగ్గించి.

"పోను. అందరి ముందర అంటివి, అందరి ముందరే తేల్చుకుంటా." పెట్టెలోకి తొంగిచూసింది. "నా తీగలు ఇప్పింది ఎవరు?"

"నేనే. సూసేకి సక్కగా ఉంటాదని..."

"సక్కగానే ఉండాది! కాయిళ్లు పనిచేసేటప్పుడు పక్కనుండే తీగల్లో దొంగ కరెంటు పుట్టిస్తాయి. తీగలు ఎడంగా ఉంటే రిలే దాన్ని నిజమనుకోని ఆపేస్తాది. రెండూ పేనుకోనుంటే, ఒక మెలికలో పుట్టినదాన్ని పక్క మెలికలో పుట్టింది కొట్టేస్తాది."

అంటూనే తీగలను కాయిళ్ల నుంచి తప్పించి, దారం పేనినట్టు గబగబా పేనింది. స్విచ్చి వేసింది. రిలే నోరెత్తలేదు. మైకులో "హలో" అంటే బజారు చివరిదాకా వినిపించింది.

"ఏదో టయం బాగుండి పనిచేసినాదిలే" అని గొణిగాడు సోమప్ప.

"అట్లనా? మద్దయ్యన్నా, నువ్వే ఇప్పి సూడు."

మద్దయ్య విప్పి పరిచాడు. టక్! ఆమె పేనింది. చప్పుడు లేదు. మూడుసార్లు అదే తంతు. మూడోసారికి ఆలూరు ప్యాసింజర్లు కూడా చప్పట్లు కొట్టారు.

"పెట్టె తీసుకుంటా. రిపేరొస్తే మాత్రం ఆయమ్మే రావాల" అన్నాడు మద్దయ్య.

"నేనొస్తాలేప్పా" అన్నాడు సోమప్ప.

"నువ్వొద్దు సామీ! నువ్వొస్తే మా ఊర్లో బ్యాటరీలన్నీ పీకుతావు."

సావిత్రమ్మ ఎవరినీ అడగకుండా ముందు బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. నవ్వేవాళ్ల కోసం అందరి ముఖాలూ కలయజూసింది. ఒక్కరూ నవ్వలేదు, పైగా ఇద్దరు తమ రేడియోలు తేవడానికి ఇంటికి పరుగెత్తారు.

దుకాణంలో ఉన్నది ఆ ఒక్క కుర్చీ. సాయంత్రం దాకా నిలబడే ఉన్న సోమప్ప, అడిగినవాళ్లందరికీ కూర్చుంటే నడుం నొప్పి వస్తోందని చెప్పాడు.