టీసీ లేకుండా పారిపోయిన పిల్ల

ఇళ్లు వదిలి పారిపోయేవారిలో క్రమశిక్షణ నానాటికీ తగ్గిపోతోందని విచారంతో మనవి చేస్తున్నాను. ఖరగ్‌పూర్ వచ్చిన ఏంజలిన్ సంగతే చూడండి. బర్మాలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన పదిహేడేళ్ల పిల్ల. సైన్యం ఊరు తగలబెడుతుంటే చెల్లెలి చెయ్యి పట్టుకుని అడవిలోకి పరుగెత్తింది. బడి నుంచి టీసీ మాత్రం తీసుకోలేదు. (చెల్లెల్ని తీసుకోవడానికి తీరిక దొరికింది, గమనించండి.)

ఇప్పుడు చెల్లెలితో కలిసి, రైల్వేవారి ట్రాఫిక్ కాలనీలో చిన్నమ్మమ్మ కుసుమ ఇంట్లో ఉంటోంది. పదకొండో తరగతిలో చేరతానంది. ప్రవేశాలకు ఆ రోజే ఆఖరు. తప్పితే ఏడాది పోయినట్టే. కుసుమ ఆమెను వెంటబెట్టుకుని ఒక తెలుగు పాఠశాలకు వెళ్లింది. అక్కడి గుమాస్తా జయప్రకాష్ చాలా మంచివాడు. (నిబంధన లేనిదే ఎవరినీ బాధపెట్టడు.)

"టీసీ ఏదమ్మా?"

"స్కూలు కాలిపోనాది సార్."

"అయ్యో! కాలిపోయినట్టు హెడ్మాస్టరు సంతకం తెచ్చినావా?"

"ఆయన కూడా మాతోనే పారిపోయినారు. అడవిలో తప్పిపోనారు."

"ఏటమ్మా ఇది! సెలవు చీటీ అయినా పెట్టకుండానే?"

కుసుమకు చిర్రెత్తింది. "బాబూ, తుపాకులోళ్లు తరుముతుంటే సీలు కోసం ఆగుతారేటి?"

"మీ బాధ నాకు తెలుసు మామ్మా. తుపాకులోళ్లకి మా ఫారంలో గడి లేదు."

నిజమే. 'ఊరు విడిచిన కారణం' అన్నచోట బదిలీ, పెళ్లి, వాతావరణం పడకపోవుట అని మూడే గడులున్నాయి. పొగ కూడా వాతావరణమే కదా అని జయప్రకాష్ మూడోదాన్ని ఎంచాడు. దానికి డాక్టరు చీటీ జతచేయాలని గుర్తొచ్చి తనే కొట్టేశాడు. పెళ్లి గడి మీద పెన్ను ఆపి ఏంజలిన్ వైపు చూశాడు. కుసుమ అతని వైపు చూసింది. పెన్ను పక్కకు జరిగింది.

"ఠీక్ హై. ఇది రైల్వే ఊరు. ఎవులొచ్చినా బదిలీ మీదే వత్తారు," అంటూ మొదటి గడిలో టిక్కు పెట్టాడు. "ఇంక బెంగలేదు. మీ నాన్నకి ఎక్కడికైనాది బదిలీ?"

ఏంజలిన్ ఆ టిక్కు వైపు చూసింది.

"ఆ రోజు సిపాయిలు లారీ ఎక్కించినారు సార్. ఎక్కడికో సెప్పలేదు."

జయప్రకాష్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని, సీలు వేశాడు.

ఏంజలిన్‌కు సీటు దొరికింది. షరతు ఒక్కటే: తండ్రి కొత్త చోట డ్యూటీలో చేరిన పదిహేను రోజుల్లోగా, స్వయంగా వచ్చి సంతకం చెయ్యాలి.